పేరు చెప్పం, పని చెబుతాం - ఎవరో పోల్చుకోండి

ఇంగ్లండు దేశంలో బర్మింగ్‌హామ్ అని ఒక ఊరుంది. ఇనుప సామాన్లకు పేరు పడ్డ ఊరు. 1965లో ఆ ఊళ్లో రేకులు కోసి వంచే ఒక ఫ్యాక్టరీలో పదిహేడేళ్ల కుర్రవాడు పని చేస్తుండేవాడు. సాయంత్రమైతే గిటారు పట్టుకుని పాటల బృందంతో తిరిగేవాడు. యూరపు దేశాలలో కచేరీలు చేసే అవకాశం రావడంతో ఫ్యాక్టరీ పని మానుకున్నాడు. ఇక ఒక్క పూట మిగిలింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చినవాడు మళ్లీ వెళ్లనన్నాడు. మొదలుపెట్టిన పని ముగించి రావలసిందేనని తల్లి వెనక్కి పంపింది.

ఆ రోజు వేరే మిషను మీద పని చేసే మనిషి రాలేదు. అలవాటు లేని ఆ మిషను దగ్గర కుర్రవాణ్ణి నిలబెట్టారు. రేకు లోపలికి తోస్తుండగా పై దిమ్మె దిగింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి.

అతడిది ఎడమచేతి వాటం. ఎడమ చేత్తో తీగ మీటి, కుడిచేతి వేళ్లతో మెట్ల మీద నొక్కాలి. ఆ నొక్కే వేళ్లే పోయాయి. ఇక గిటారు మాట మరచిపొమ్మన్నారు డాక్టర్లు.

ఫ్యాక్టరీ మేస్త్రీ ఒకాయన చూడవచ్చి ఒక గ్రామఫోను రికార్డు వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ అనే జిప్సీ గిటారు విద్వాంసుడిది. 1928లో తానుండే బండికి నిప్పంటుకుని ఎడమచేతి వేళ్లు రెండు పనికిరాకుండా పోతే, మిగిలిన రెండు వేళ్లతోనే యూరపు అంతా మెప్పించిన మనిషి. ఆ సంగతి విన్నాక కుర్రవాడికి ఆశ పుట్టింది. ప్లాస్టిక్ సీసా ఒకటి కరిగించి, ముద్ద చేసి, వేలి కొసలకు సరిపోయేట్టు తొడుగులు తయారు చేసుకున్నాడు. జారిపోకుండా పైన తోలు ముక్క అతికించాడు. మామూలు గిటారు తీగలు గట్టిగా వుండి నొక్కితే నొప్పి పుట్టేవి. వాటికి బదులు సన్నని బాంజో తీగలు కట్టాడు. అదీ చాలక తరువాత తీగల బిగువు తగ్గించాడు. బిగువు తగ్గితే శ్రుతి దిగుతుంది. శ్రుతి దిగినకొద్దీ నాదం బరువెక్కుతుంది.

ఆ బరువైన నాదం మీద ఒక కొత్త రకం సంగీతమే లేచింది. "హెవీ మెటల్" అంటారు దాన్ని. ఎవరీ మనిషి?

పట్నంలో చదువుకునే పిల్లలున్న ఇళ్లలో అడిగి చూడండి, ఎవరైనా చెప్పవచ్చు. బ్లాక్ సబాత్ బృందంలోని గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ. వారి మొదటి రికార్డు 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. ఆ బృందంలో పాడిన ఆజీ ఆస్‌బోర్న్ కూడా కష్టజీవి ఇంటి బిడ్డే. కార్ల హారన్లు సరిగా మోగుతున్నాయో లేదో వినే ఉద్యోగం కొంతకాలం చేశాడు. కబేళాలోనూ పని చేశాడు. 2025 జూలై 5న సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లో పాత మిత్రులతో ఆఖరి కచేరీ చేసి, అదే నెల 22న కన్ను మూశాడు.

ఆట నియమం ఒక్కటే

మనిషిని ముఖం చూసి గుర్తుపట్టడం ఎవరైనా చేస్తారు. చీకట్లో నడక చప్పుడు విని ఫలానా వారని చెప్పేవాళ్లు మన ఊళ్లలో ఇంకా వున్నారు. ఈ ఆట అటువంటిది. పాశ్చాత్య దేశాల రాక్ గాయకుల బొమ్మలు పట్నం అంగళ్లలో చొక్కాల మీద కనబడతాయి. ఆ చొక్కాలు మన సంతలకూ వచ్చాయి. తొడుక్కున్న కుర్రవాణ్ణి ఆ బొమ్మ ఎవరిదిరా అంటే నవ్వి వూరుకుంటాడు. అందుకని ఇక్కడ బొమ్మ వుండదు, పేరు ముందు చెప్పడం వుండదు. ఆ మనిషి చేసిన పని మాత్రమే చెప్పడం. నియమం ఒక్కటే: చెప్పే ఆనవాలు ఒక్క మనిషికే సరిపోవాలి. పదిమందికి సరిపోయేది ఆనవాలు కాదు.

ఆటకు ముందు రాక్ అంటే ఏమిటో రెండు ముక్కలు. అమెరికాలో నల్లవారు పొలాలలోనూ, చర్చీలలోనూ పాడుకున్న పాటలు, అక్కడి తెల్ల రైతుల పల్లెపాటలు కలిసి 1950 ప్రాంతాలలో రాక్ అండ్ రోల్ అయింది. గిటారు, లావు తీగల బేస్ గిటారు, డ్రమ్ములు ప్రధాన వాద్యాలు. ఇందులో గిటారు విద్యుత్తుది. తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్టి వుంటాయి. ఉక్కు తీగ అదిరితే రాగి తీగలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. సైకిలు డైనమో సూత్రమే ఇది. ఆ కరెంటును యాంప్లిఫయరు పెంచి లౌడుస్పీకరుకు అందిస్తుంది. పెళ్లి పందిట్లో మైకు సెట్టువాడు శబ్దం మరీ పెంచితే పాట గరగరమంటుంది చూడండి, మనం తగ్గించమని కేకలు వేస్తాం. ఆ గరగరనే రాక్ వారు కోరి తెచ్చుకుని సంగీతంలో వాడుకున్నారు.

చావు ఆనవాలు కాదు

"ఇరవై ఏడేళ్లకే చనిపోయిన గాయకుడు ఎవరు?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పకండి. అది తప్పు ప్రశ్న. 1969లో బ్రయాన్ జోన్స్, 1970 సెప్టెంబరులో జిమీ హెండ్రిక్స్, అక్టోబరులో జానిస్ జాప్లిన్, 1971లో జిమ్ మారిసన్, 1994లో కర్ట్ కొబేన్, 2011లో ఏమీ వైన్‌హౌస్ - అందరూ ఆ వయసులోనే పోయారు. ఆ సంఖ్య చుట్టూ కథలల్లి పుస్తకాలే వేశారు. మనిషి ఎలా పోయాడన్న దానితో ఆయన ఏం చేశాడో తెలియదు.

"తెగిన వేలుతో గిటారు వాయించినవాడు" అన్నా చాలదు. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందానికి చెందిన జెర్రీ గార్సియాకు నాలుగేళ్ల వయసులో అన్న కట్టెలు కొడుతుండగా గొడ్డలి తగిలి కుడిచేతి నడిమి వేలు మూడింట రెండు వంతులు పోయింది. అయితే అది మీటే చెయ్యి. అయోమీది నొక్కే చెయ్యి. ఏ చెయ్యి, ఏ వేలు, దాంతో ఏం చేశాడు అన్నంత దాకా వెళ్తేగాని మనిషి దొరకడు.

ఎడమచేతి వాటం సంగతీ అంతే. ఈ రెండు ఆనవాళ్లు చూడండి.

మొదటివాడు అమెరికాలో సియాటిల్ నగరంలో 1942లో పుట్టిన నల్లజాతి పిల్లవాడు. ఇల్లు గడవని సంసారం. చీపురును గిటారుగా పట్టుకుని తిరిగేవాడు. తండ్రితో కలిసి ఒకరి ఇంట పనికిరాని సామాను ఎత్తిపోస్తుండగా ఒకే తీగ వున్న పాత యుకులేలీ దొరికితే దానితోనే పాటలు పలికించాడు. తరువాత సైన్యంలో చేరి విమానం నుంచి గొడుగుతో దూకే దళంలో పని చేశాడు. బయటికి వచ్చి పెద్ద గాయకుల వెనుక కూలికి గిటారు వాయించాడు. 1966 సెప్టెంబరులో లండన్ వెళ్లేదాకా పేరు రాలేదు. కుడిచేతి వారికి చేసిన గిటారును తలకిందులుగా తిప్పి, తీగలు మార్చి కట్టుకుని వాయించేవాడు. 1969 ఆగస్టు 18 ఉదయం, వుడ్‌స్టాక్ ఉత్సవంలో మూడు రోజుల జనసమ్మర్దం చాలావరకు ఇళ్లకు పోయాక, బురద మైదానంలో మిగిలినవారి ముందు అమెరికా జాతీయగీతాన్ని గిటారు మీద వాయించాడు. మధ్యలో బాంబులు పడుతున్నట్టు, విమానాలు కూలుతున్నట్టు శబ్దాలు పలికించాడు. అప్పుడు వియత్నాంలో యుద్ధం నడుస్తున్నది. మాట లేకుండా చెప్పవలసింది చెప్పాడు. జిమీ హెండ్రిక్స్ ఆయనే. పైన ఇరవై ఏడేళ్ల జాబితాలో పేరు వున్నవాడే. జాబితాలో చూసి ఏం తెలిసింది, ఇక్కడ చూసి ఏం తెలిసిందో మీరే తేల్చుకోండి.

రెండోవాడు 1961లో జర్మనీలోని హాంబర్గ్ పట్నంలో సుమారు ముప్పయి పౌన్లు పెట్టి వయొలిను ఆకారంలో వున్న బేస్ గిటారు కొన్నాడు. రెండు పక్కలా ఒకే తీరుగా వుంటుంది గనుక ఎడమచేతికి తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనపడదని దాన్ని ఎంచుకున్నాడు. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ అని ఈపాటికి కొందరు చెప్పి వుంటారు. ఆ గిటారు 1972లో లండన్‌లో ఒక వ్యాను నుంచి దొంగలపాలయింది. ఏళ్ల తరబడి జాడ లేదు. చివరికి కొందరు అభిమానులు పూనుకుని, తెలిసిన వివరాలన్నీ ప్రకటించి వెతకగా, ఒక ఇంటి అటక మీద బయటపడింది. పోల్చి చూసి అదేనని నిర్ధారించి ఇచ్చేశారు. ఆ సంగతి 2024 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. మనుషులనే కాదు, సామానునూ ఆనవాళ్లతోనే పట్టుకున్నారు.

ఆసుపత్రి మంచం, పాత మోటారు సైకిలు

ఇప్పుడు కొంచెం వేగంగా పోదాం.

లివర్‌పూల్‌లో 1940లో పుట్టిన ఒక పిల్లవాడికి ఆరేళ్లప్పుడు కడుపులో చీము పట్టి ఒళ్లు తెలియని స్థితి. పదమూడేళ్లకు ఊపిరితిత్తుల జబ్బుతో దాదాపు రెండేళ్లు శానిటోరియంలో మంచం మీద. చదువు సాగలేదు. అక్కడ రోగులకు కాలక్షేపంగా తాళవాద్యాలు వాయింపించేవారు. ఈ పిల్లవాడు దారపు కండెలతో పక్కనున్న బీరువా మీద దరువు వేసేవాడు. మంచం దిగేటప్పటికి డ్రమ్ములు తప్ప మరో ధ్యాస లేదు. 1962 ఆగస్టులో బీటిల్స్‌లో నాలుగోవాడుగా చేరాడు. రింగో స్టార్. 1968లో ఆ బృందం హృషీకేశ్‌కు ధ్యానం నేర్చుకోవడానికి వచ్చినప్పుడు, తన కడుపుకు మన వంట పడదని ఒక పెట్టె నిండా డబ్బా చిక్కుడు గింజలు వెంట తెచ్చుకున్నాడు. పది రోజులకే వెళ్లిపోయాడు. చిన్ననాటి కడుపునొప్పి తెలిసినవారెవరూ దీనికి నవ్వరు.

మరొకడు లండన్ దగ్గరి విద్యార్థి. కొనే స్తోమతు లేక 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు తయారు చేయడం మొదలుపెట్టాడు. మెడకు పాత చలిమంట గూడు మీది కొయ్య, కాండానికి పాత బల్ల చెక్క, గుర్తు చుక్కలకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు, లోపల స్ప్రింగులకు 1928 నాటి పాంథర్ మోటారు సైకిలు నుంచి తీసినవి, చేతిపిడి కొసకు అల్లిక సూది ముక్క. మీటడానికి ఆరు పెన్నీల నాణెం. అదే గిటారు ఆయన జీవితమంతా వాయించాడు. 2002 జూన్‌లో రాణిగారి స్వర్ణోత్సవానికి బకింగ్‌హామ్ భవనం డాబా మీద నిలబడి వాయించినదీ దానితోనే. ఇదే మనిషి అంతరిక్ష ధూళి మీద 1970లో మొదలుపెట్టి నడుమ వదిలేసిన పరిశోధనను ముప్పై ఏళ్లు దాటాక మళ్లీ అందుకుని 2007లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. ఈ ఆనవాలు ఇద్దరికి సరిపోదు. క్వీన్ బృందానికి చెందిన బ్రయాన్ మే.

ఆ బృందంలోనే పాడినాయన మన దేశంలో చదువుకున్నాడు. 1946 సెప్టెంబరు 5న ఆఫ్రికా తీరాన జాంజిబారు దీవిలో పార్సీ దంపతులకు పుట్టాడు. తండ్రి ఆంగ్ల ప్రభుత్వంలో గుమస్తా. ఎనిమిదేళ్ల వయసులో పిల్లవాణ్ణి ఓడ ఎక్కించి మహారాష్ట్రలో పంచగని కొండ మీది హాస్టలు బడికి పంపారు. అక్కడ పియానో నేర్చాడు. తోటి పిల్లలతో హెక్టిక్స్ అని బృందం కట్టాడు. ఫరూఖ్ బల్సారా అని పెట్టిన పేరు ఆ బడిలోనే సగం మారింది. 1964లో జాంజిబారులో తిరుగుబాటు వచ్చి నెత్తురు పారినప్పుడు కుటుంబమంతా ఇంగ్లండు చేరింది. అక్కడ విమానాశ్రయంలో సామాన్లు మోసే పని కూడా చేశాడు. బొమ్మలు గీసే చదువు చదివి తన బృందానికి ముద్ర తానే గీశాడు. 1985 జూలై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం లండన్‌లో జరిగిన కచేరీలో 72 వేల మంది చేత ఇరవై నిమిషాలపాటు తాను చెప్పినట్టు చప్పట్లు కొట్టించాడు. ఫ్రెడీ మెర్క్యురీ. ఎయిడ్స్ వ్యాధి అని లోకానికి చెప్పిన మర్నాడే, 1991 నవంబరు 24న మరణించాడు. పంచగనిలో అతనితో చదువుకున్నవారు మన దేశంలో పలుచోట్ల వున్నారు. అతనే ఇతనని చాలా కాలం వారికే తెలియలేదంటే, పేరు మారితే మనిషిని పోల్చడం ఎంత కష్టమో చూడండి.

మరొక్కటి. ఇంగ్లండులో డెఫ్ లెపర్డ్ బృందం. అందులో డ్రమ్ములు వాయించే కుర్రవాడికి ఇరవై ఒక్క ఏళ్లు. 1984 డిసెంబరు 31న కారు పల్టీకొట్టి ఎడమ చెయ్యి భుజం దాకా ఊడిపోయింది. డాక్టర్లు తిరిగి అతికించారు గాని చీము పట్టి మళ్లీ తీసివేయవలసి వచ్చింది. డ్రమ్ములకు రెండు చేతులూ రెండు కాళ్లూ కావాలి. ఆసుపత్రి మంచం మీద పడుకుని కాళ్లతో దుప్పటి కింద దరువు వేసి చూసుకున్నాడు. ఎడమ చెయ్యి చేసే పనిని ఎడమ కాలికి నేర్పవచ్చుననిపించింది. కాలితో తొక్కితే డ్రమ్ము మోగే విద్యుత్ పరికరం ప్రత్యేకంగా చేయించుకున్నాడు. ఈలోగా బృందంవారు మరొకరిని తెచ్చుకోలేదు, కాచుకు కూర్చున్నారు. 1986 ఆగస్టులో డోనింగ్టన్ మైదానంలో అతన్ని జనానికి చూపించినప్పుడు కేరింతలు ఆగలేదు. 1987లో వారు తెచ్చిన రికార్డు రెండు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. రిక్ అలెన్ అతని పేరు. చప్పట్లు కొట్టినవారిని అందరూ తలుచుకుంటారు, కాచుకు కూర్చున్న ఆ నలుగురిని ఎవరూ తలుచుకోరు.

పాలకొల్లు ముడి

ఇక్కడ మన జిల్లాకు ఒక ముడి వుంది.

1942లో ఇంగ్లండులో యార్క్‌షైరు ప్రాంతంలో పుట్టిన గిటారు విద్వాంసుడొకాయన. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అని బృందం పెట్టి మెరుపు వేగంతో వాయించి రాక్ లోకాన్ని అదరగొట్టాడు. అంత పేరు వచ్చాక అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో మన దక్షిణాది విద్వాంసులు డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకోవడానికి కూర్చున్నాడు. మన గమకం గిటారు మెట్ల మీద పలకదు. అందుకని మెట్టుకూ మెట్టుకూ నడుమ కొయ్యను గుంటలా చెక్కించి, తీగను లాగితే స్వరం వంగేట్టు ప్రత్యేకమైన గిటారు చేయించుకున్నాడు. శ్రుతి కోసం అడ్డంగా అదనపు తీగలు కట్టించాడు. 1975 నాటికి వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయకరామ్‌లతో కూడి నేల మీద బాసిపట్లు వేసుక్కూర్చుని కచేరీలు చేశాడు. పెద్ద మైదానాలు నిండే జనాన్ని వదులుకుని ఈ దారికి వచ్చినాయన జాన్ మెక్‌లాగ్లిన్.

ఈ ఆనవాలు చాలదు, రెండోది కూడా వినండి. ఆ శక్తి బృందం మళ్లీ కూడినప్పుడు, 1999 నాటికి, మెక్‌లాగ్లిన్ పక్కన కూర్చుని ఆయన గిటారుకు జవాబు చెప్పింది ఐదు తీగల విద్యుత్ మేండొలిన్. మామూలు మేండొలిన్‌కు ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా వుంటాయి. మీటగానే నాదం తెగిపోతుంది. విడి తీగలు కట్టి, కరెంటు ఇచ్చి, నాదం నిలిచేట్టు చేసుకుని దాని మీద త్యాగరాజ కృతులు పలికించినవాడు ఎవరో మన జిల్లా వారికి చెప్పనక్కరలేదు. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మేండొలిన్ వాయించేవారు కారు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీదికి తెచ్చుకునేవాడు. గమకాలు గొంతులోవిగా వినపడడానికి కారణం అదే. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో జర్మన్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో నలభై ఐదేళ్లకే పోయాడు. శక్తి బృందానికి 2024లో గ్రామీ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన లేడు.

విదేశీ రికార్డు అట్టల మీద ఆయన పేరు యు. శ్రీనివాస్ అనే వుంటుంది. పాలకొల్లు మాట వుండదు. అట్ట చూసిన పరదేశికి ఈ ఊరు ఎలా తెలుస్తుంది?

భూమి దాటిన పాట

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరం. కారు ఫ్యాక్టరీలో పని, క్షౌరవిద్య నేర్చుకోవడం, రాత్రిళ్లు గిటారు. 1955లో తొలి రికార్డుతోనే పేరు. గిటారు పట్టుకుని ఒంటికాలి మీద బాతులా గెంతుతూ వేదిక దాటేవాడు. ఇతని పాట ఒకటి 1977లో వాయేజర్ వ్యోమనౌకలలో బంగారు పూత పూసిన రికార్డు మీద ఎక్కించి పంపారు. ఆ రికార్డులో మన కేసర్‌బాయి కేర్కర్ గానమూ వుంది. వాయేజర్ 1 సూర్యుడి ప్రభావం వున్న మేర దాటి 2012లో నక్షత్రాల మధ్య ఖాళీలోకి పోయింది. చక్ బెర్రీ అని తేలికగానే చెప్పారు కదా. చాలామంది ఈయనతోనే రాక్ మొదలయిందని రాస్తారు.

అందుకే ఆఖరి ఆనవాలు కష్టమైనది పెట్టాం.

1915 మార్చి 20. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం. ఊరి పేరు కాటన్ ప్లాంట్, అంటే పత్తిమొక్క. తల్లిదండ్రులు పత్తి తీసే కూలీలు. తల్లి చర్చీలో పాడుతూ మేండొలిన్ వాయించేది (పాలకొల్లు వారు గమనించాలి). బిడ్డ ఆరేళ్లకల్లా గిటారు పట్టింది. తల్లి వెంట ఊరూరా తిరిగి దేవుడి పాటలు పాడింది. పెద్దయ్యాక ఆ దేవుడి పాటలనే న్యూయార్కు నైట్ క్లబ్బులో పాడితే చర్చీ పెద్దలు కోప్పడ్డారు. 1938 నుంచి రికార్డులు. విద్యుత్ గిటారు పుచ్చుకుని, మైకు సెట్టు గరగరలాడేంతగా శబ్దం పెంచి, తీగ వంచి, ఆడవాళ్లు గిటారు ముట్టుకోవడమే వింత అనుకునే కాలంలో మగవాళ్లతో పోటీకి దిగి వాయించింది. 1944లో ఆమె పాడిన ఒక రికార్డు, చక్ బెర్రీ తొలి రికార్డుకు పదకొండేళ్ల ముందరిది. ఇప్పుడు వింటే అది రాక్ అండ్ రోల్ కాదనడం కష్టం.

నల్లవారికి హోటలులో గది ఇవ్వని దక్షిణ రాష్ట్రాలలో బస్సులోనే పడుకుని, వంటింటి గుమ్మం దగ్గర అన్నం కొనుక్కుని కచేరీలు చేసింది. 1947లో జార్జియా రాష్ట్రంలోని మేకన్ పట్నంలో కచేరీకి వెళ్లినప్పుడు, అక్కడి హాలులో చిల్లర పనులు చేసే ఒక కుర్రవాడు తన పాట పాడి వినిపించాడు. ఆమె వాణ్ణి వేదిక ఎక్కించి పాడించి డబ్బు కూడా ఇచ్చింది. వాడే తరువాత లిటిల్ రిచర్డ్ అయ్యాడు. హెండ్రిక్స్ వెనుక నిలబడి గిటారు వాయించిన పెద్ద గాయకులలో ఈ లిటిల్ రిచర్డ్ ఒకడు. అంటే పైన చెప్పిన ఆనవాళ్లలో సగం దారులు వెనక్కి పోతే ఈమె వాకిట్లోకి వస్తాయి. 1964లో ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర మూతపడిన రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం మీద వేదిక కట్టారు. రైలు పట్టాలకు అవతలి ప్లాట్‌ఫారం మీద జనం. వాన. నలభై తొమ్మిదేళ్ల ఈమె పెద్ద కోటు తొడుక్కుని, తెల్ల గిటారు భుజాన వేసుకుని, ఆ వాన మీదే పాట అందుకుంది. టెలివిజనులో వేశారు. ఆ ఫిలిము ఇప్పటికీ వుంది.

పేరు తట్టిందా? రాక్ సంగీతం బాగా తెలిసినవారిని అడిగినా ఇక్కడ ఆగిపోతారు. సిస్టర్ రోజెటా థార్ప్.

1970లో పక్షవాతం. మధుమేహం వల్ల ఒక కాలు తీసేశారు. అయినా కుర్చీలో కూర్చుని పాడింది. 1973 అక్టోబరు 9న ఫిలడెల్ఫియాలో మరణించింది. అక్కడి శ్మశానంలో పూడ్చారు గాని పైన రాయి పెట్టడానికి డబ్బు లేదు. ఎల్విస్ ప్రెస్లీ ఇంటిని చూడటానికి ఏటా లక్షలమంది వెళ్తుండగా, ముప్పై అయిదేళ్లు ఈమె సమాధి ఏదో చెప్పే గుర్తు లేదు. ఒక రచయిత్రి ఈమె జీవితచరిత్ర రాసి 2007లో ప్రచురించాక కొందరు కదిలారు. 2008 జనవరిలో కచేరీ పెట్టి నిధులు కూడబెట్టారు. ఆ డబ్బుతో సమాధి మీద రాయి నిలిపారు.

అమెరికాలో రాక్ సంగీతకారులను గౌరవించే సంస్థ ఒకటుంది. మొదటి జట్టును 1986లో ఎంపిక చేశారు. అందులో చక్ బెర్రీ, ఎల్విస్ ప్రెస్లీ, లిటిల్ రిచర్డ్ వున్నారు. హెండ్రిక్స్‌ను 1992లో తీసుకున్నారు. రోజెటా థార్ప్ పేరు 2018లో చేర్చారు.